చేదెక్కిన నైవేద్యం

మంగళహారతి కట్టినవారికి లోకం ఇచ్చే సంభావన ఒక్కటే. చివరి చరణంలో వారి పేరు నిలుస్తుంది. పాట ఏ ఊరు చేరినా, ఏ గొంతులో పలికినా, ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి పాడేవారు ఒక్క క్షణం నెమ్మదించి, ఆపైన ముందుకు సాగుతారు. పెద్దలు దానిని ముద్ర అన్నారు. కట్టినవారు కాలం చేసినా ముద్ర మిగులుతుంది. దానిని మార్చి పాడడం తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం కన్నా హీనమైన పని.

ఆమదాలవలసలో రైలుకట్టకు ఇవతలి వీధిలో కాపురమున్న కూర్మమ్మ కట్టిన హారతికి ఆ హీనం జరిగింది. చేసినది పరాయి మనిషి కాదు, ఎదురింటి పద్మకుమారి.

ఆ ఇద్దరూ, మూల ఇంటి దేముడమ్మా కొత్త కోడళ్ళుగా ఆ వీధిలో అడుగుపెట్టిన నాటినుంచి నేస్తాలు. శనివారం ఆ వీధిలో ఎవరూ నీచు ముట్టరు. ఆనాడు ముగ్గురూ కూర్మమ్మ వంటింట చేరి, వండి, కూర్మనాథస్వామి పటానికి నివేదించి, కలిసి భోంచేసేవారు. దేముడమ్మ వస్తూనే వాకిట కూర్చుని ముగ్గు వేసేది. ఆమె వేలినుంచి జారే పిండికి ప్రాణమున్నదా అనిపించేది. పద్మకుమారి పెరటి అరుగు మీద హార్మోనియం పెట్టుకుని కూనిరాగం తీసేది. కూర్మమ్మ పొయ్యి దగ్గర. ఒకరి పనిలోంచి మరొకరి పనిలోకి ఏదో ప్రవహిస్తూ ఉండేది. పోపు చిటపటలకు పద్మకుమారి దరువు అందుకునేది. ఆమె పాట విలంబంగా సాగితే దేముడమ్మ ముగ్గు తీగలు పొడుగయ్యేవి.

ఆ హారతి పుట్టుక కూడా అటువంటిదే. నిరుడు చైత్రంలో ఒక శనివారం దేముడమ్మ వాకిట మందరగిరిని వేసింది. శిఖరాలు, చెట్లు, వాసుకి చుట్టలు అన్నీ అమిరాయి. కూర్మమ్మ అరచేతులకు నూనె రాసుకుని లేత పనసకాయను పొట్టుగా కొడుతూ, గుమ్మంలోంచి తొంగిచూసింది.

"ఓలే దేముడమ్మా, కొండని ఇంతేసినావు. కింద తాబేలు ఏదే? స్వామిని మర్సిపోయినావేటి?"

"ఉన్నాడప్పా, వొంగి సూడు. కొండ కిందున్నోడు కానొస్తాడేటి? కానరాకుండా మొయ్యడమే ఆడి పని."

ఆ మాట కూర్మమ్మ గుండెలో దిగింది. మళ్ళీ కత్తి ఎత్తింది. చెక్క మీద కత్తి దెబ్బలు ఒక తాళానికి ఒదిగాయి. ఆ తాళం మీద మాటలు తామే వచ్చి కూర్చున్నాయి.

మందరము మోసిన మౌనమా, మంగళం
అందరికి కనరాని ఆధారమా, మంగళం
విసపు సెగకును వెన్ను వంచని వేలుపా, మంగళం

అరుగు మీద పద్మకుమారి అది విని, సురటి రాగంలో ఎత్తుకుంది. పనసపొట్టు ఉడికేసరికి హారతి ముగింపుకు వచ్చింది. ఆచారం ప్రకారం కూర్మమ్మ తన ముద్ర వేసింది.

కూర్మమ్మ కొలిచిన కూర్మనాథా, మంగళం

"మరి నా పేరేటి?" అంది దేముడమ్మ, పిండి చేతులు దులుపుకుంటూ. "మాట నా నోటిదే కదా!"

"నీకు వాకిలంతా ఇచ్చినాం కదే. సంతకం పెట్టుకో."

"ఎందుకూ, రేపు కల్లాపికి పోడానికా?" అని ఆమె నవ్వింది. ముగ్గురూ నవ్వుకున్నారు.

పద్మకుమారి గొంతు మంచిది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. విజయనగరంలో ఒక భజన సమాజంవారు జిల్లాల భజన గోష్ఠి జరిపినప్పుడు ఆమె రైలెక్కి వెళ్ళి పాడింది. శాలువా కప్పించుకుని వచ్చింది. ఏ హారతి పాడిందో చెప్పలేదు. దేముడమ్మ ఫోనులోకి ఆ సభ వీడియో తిరిగి తిరిగి వచ్చి చేరింది. ఆమె దానిని పరుగున పట్టుకొచ్చి కూర్మమ్మ ముందు పెట్టింది.

"విన్నావేటి, అప్పా? సివర విను."

సభ నిండుగా ఉన్నది. పద్మకుమారి కన్నులు మూసుకుని, చివరి చరణం దగ్గర నెమ్మదించి, చేతులు జోడించి పాడుతున్నది.

పద్మమ్మ కొలిచిన పద్మనాభా, మంగళం

కూర్మమ్మ మళ్ళీ పెట్టమన్నది. మళ్ళీ విన్నది. తరువాత ఫోను తిరిగి ఇచ్చి, బియ్యం కడగడానికి లేచింది. చేతులు నీళ్ళలో ఉండగా ఆమె మనసులో రెండు అవమానాలు విడివిడిగా తేలాయి. తన పేరు తీసివేయబడింది. తన పేరుతోపాటు స్వామి పేరు కూడా తీసివేయబడింది. పాట పొడుగునా కొండను మోసినవాడు కూర్మరూపుడు, మంగళం అందుకునేది మాత్రం పద్మనాభుడు! ఇద్దరూ ఒక్క హరియే కావచ్చు. అయినా మోసినవాని కూలి మరొకరికి ఇస్తారా?

సాయంకాలం వీధి దాటి వెళ్ళింది. పద్మకుమారి కుర్చీ వీపు మీద శాలువా పరచి ఉన్నది.

"నా పేరు ఎందుకు మార్సినావే?"

పద్మకుమారి మొదట తడబడింది. ఆపైన గడుసుదనం తెచ్చుకుంది. "రాగమెవరిదే? నాది. గొంతెవరిది? నాది. అంత దూరం రైల్లో నిలబడి ఎల్లినదెవరు? నాను. నువ్వు పొయ్యి కాడినుంచి కదిలినావేటి?"

"మాట నాది. మాట కట్టినోళ్ళ పేరే నిలుస్తాది. నీకు తెల్దేటి?"

"దేవుడి కతే కదా, అందరూ సెప్పుకున్నదే. నీ సొంత సొత్తేటి?"

"అయితే పేరు తీసేసి పాడొచ్చు కదా. నీ పేరెందుకు ఎట్టుకున్నావు?"

"పాడతన్నప్పుడు నోటికొచ్చేసిందే, నమ్ము. ఇంతదానికి మూతి ముడుసుకుంటావేటి!"

నోటికి రావడం వేరు, కూర్చుకోవడం వేరు. పద్మమ్మకు పద్మనాభుడు ఊరకే తోడు రాలేదని, కూర్చుని, పదం పదం తూచి తెచ్చుకున్నదని పాట కట్టినవారికి తెలియకపోదు. కూర్మమ్మ ఇంటికి వచ్చి దీపం వెలిగించింది. మరుసటి శనివారం ఎప్పటిలాగే పద్మకుమారికి పీట వేసింది, ఎప్పటిలాగే వడ్డించింది. నేస్తం కోపం చల్లారిందని పద్మకుమారి అనుకున్నది. వాకిట ముగ్గు వేస్తున్న దేముడమ్మ మాత్రం అటూ ఇటూ చూసి, "ఈవిడి నవ్వు సూస్తే నాకు బయమేస్తంది," అని గొణుక్కుంది.

నిజమే. వేసవి వానలా ఒక్కసారి ఉరిమి వెలిసే కోపం కాదది. ఊకకుంపటి. పైన బూడిద, లోన నిప్పు. ఏడాది తిరిగి మళ్ళీ చైత్రం వచ్చేదాకా అది ఆరలేదు.

ఆ చైత్రంలో విజయనగరం సమాజంవారు పద్మకుమారి ఇంట శనివారం భజన పెట్టుకుంటామని కబురు చేశారు. ఆమె ఉప్పొంగిపోయింది. ఫోను ముందు కూర్చుని, సమాజం పెద్దలకు తన స్వహస్తాలతో ఆవపెట్టిన పనసపొట్టు కూర వండి స్వామికి నివేదిస్తానని లోకానికి చెప్పింది. చెప్పినంత తేలికగా వండడం రాదు. మర్నాడు కూర్మమ్మ ఇంటికి వచ్చింది. దేముడమ్మ కూడా అక్కడే చిక్కుళ్ళు వలుస్తున్నది. మూల కుర్చీలో కూర్మమ్మ భర్త సత్యం పేపరు చదువుకుంటున్నాడు.

"ఒసే కూర్మమ్మా, నువ్వొచ్చి ఆ కూరొక్కటి సేసెయ్యే. నీ సెయ్యి పడితే గానీ అది కుదరదు. నా సేత్తో సేస్తానని సెప్పేసినాను, ఇప్పుడేటి సెయ్యమంటావు? నువ్వు లోపల సేసెయ్యి, నాను వొడ్డించుకుంటాను."

దేముడమ్మ చిక్కుడుకాయ విసిరికొట్టింది. "ఓలమ్మ ఓలమ్మ! హారతి ఈవిడిది, నీ పేరెట్టుకున్నావు. ఇప్పుడు కూరకీ ఎట్టుకుంటావేటి? రేపు ఈవిడి మొగుడికి కూడా ఎట్టుకుంటావేటే?"

"నన్నెందుకు లాగుతారమ్మా మద్దిలో," అన్నాడు సత్యం, పేపరు పైకెత్తుకుని.

పద్మకుమారి మొహం ఎర్రబడింది. కూర్మమ్మ మాత్రం చాలా మెల్లగా, "వస్తాన్లే. నీ పేరు మీదే సేస్తాను," అన్నది.

వంట తెలిసిన ఏ ఇల్లాలినడిగినా ఆవ సంగతి చెబుతుంది. నానిన ఆవాలను ఎండుమిరప, ఉప్పు చేర్చి నూరి, ఉడికిన కూర పొయ్యి దిగి, ఆవిరి పోయి, గోరువెచ్చనయ్యాక కలపాలి. అప్పుడది ముక్కుకెక్కే ఘాటునూ, నాలుక మరవని రుచినీ ఇస్తుంది. తొందరపడి మంట మీద ఉండగానే కలిపితే అదే ఆవ చేదెక్కుతుంది. బెల్లం వేసినా, చింతపండు పిండినా ఆ చేదు విరగదు. పనసపొట్టు లేతకొద్దీ దానిని మరింతగా పట్టి ఉంచుతుంది. ఇక నివేదన కోసం వండినదానిని ముందుగా ఎవరూ రుచి చూడరు. ఉప్పు చాలిందో లేదో వండినవారికైనా తెలియదు. స్వామి ఆరగించిన తరువాతనే మానవులకు తెలుస్తుంది.

కూర్మమ్మ వేసుకున్న పథకమంతా ఆ రెండు సంగతులలోనే ఉన్నది. సమాజమంతా విస్తళ్ళ ముందు కూర్చుంటుంది. పద్మకుమారి చేతి వంట అని తెలిసి నోట పెట్టుకుంటుంది. పాటను కాజేసినవారు కూరను కూడా కాజేస్తే, ఏమి కాజేశారో నాలుకే చెబుతుంది.

ఆ పథకంలో ఒక్కటే ముల్లు. తొలి ముద్ద స్వామిది.

ఆమె అవిశ్వాసి కాదు. పుట్టినప్పుడు శ్రీకూర్మంలో మొక్కి పెట్టిన పేరు ఆమెది. పండు తీయనిదో కాదో కొరికి చూసి మరీ రామునికి పెట్టిన శబరి కథ చెప్పుకుని కన్నీరు పెట్టే మనిషి. ఎరిగి ఎరిగి చేదు పెట్టడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ శనివారం ఉదయం తలస్నానం చేసి, తడి జుట్టు ముడివేసుకుని, పటం ముందు నిలిచి స్వామితో పేచీ పెట్టుకుంది.

"పాల సంద్రం సిలికినప్పుడు ముందు పుట్టింది ఇసమే కదా, తండ్రీ. అమురుతం తరవాత కదా వొచ్చింది. ఆ సెగకి నువ్వు కదిలినావేటి? కదల్లేదు. నీ పేరు మార్సేసినప్పుడు కూడా నువ్వు పలకలేదు. నువ్వూరుకుంటే ఊరుకో. నాను ఊరుకోను. ఈ పూట ఇది కూడా ఓర్సుకో."

సమాధానం వినడానికి ఆమె నిలవలేదు. వీధి దాటి వెళ్ళిపోయింది.

పద్మకుమారి ఇంటి ముందు షామియానా వేశారు. దేముడమ్మ అప్పటికే వాకిట ముగ్గు సగం వేసింది. కూర్మమ్మ పనసపొట్టు ఉడికించింది. చింతపండు పులుసు, పసుపు, బెల్లం తునక వేసింది. పోపులో పచ్చిమిర్చి, కరివేపాకు ఘుమఘుమలాడాయి. ఆవ ముద్ద చేతిలోకి తీసుకుంది. కింద మంట నీలంగా మండుతున్నది, కూర కుతకుతలాడుతున్నది. చేయి ఒక్క క్షణం ఆగింది.

సరిగ్గా ఆ సమయానికి ముందుగదిలో పద్మకుమారి హార్మోనియం శ్రుతి చూసుకుంటూ, "పద్మమ్మ కొలిచిన..." అని మెల్లగా ఎత్తుకుంది.

కూర్మమ్మ ఆవ ముద్దను కుతకుతల మీద వేసి, గరిటె పెట్టి అడుగుదాకా కలిపింది. మంట పెంచింది. ఘాటు కన్నుల్లోకి ఎక్కి నీరు తెప్పించింది. అది ఘాటు నీరేనని ఆమె తనకు తాను చెప్పుకున్నది.

సమాజం రైలు దిగి వచ్చింది. దాని అధ్యక్షుడు గణపతిరావు తెలుగు పండితుడుగా పనిచేసి విరమించినవాడు. నుదుట తిరుచూర్ణం, మెడలో తులసిపూస. మితభాషి. అక్షరం తడబడితే పాట ఆపించే మనిషి. భజన ఘనంగా జరిగింది. చివర పద్మకుమారి హారతి పాడింది. తన పేరు దగ్గర నెమ్మదించి, చేతులు జోడించింది. వంటింటి గుమ్మంలో కూర్మమ్మ గోడకానుకుని విన్నది. ఈసారి ఆమెకు నొప్పి కలగలేదు. వంటకాలన్నీ తెర చాటున స్వామి ముందు పెట్టారు. గణపతిరావు గంట మోగించి, నీరు తిప్పి, నివేదన చేశాడు.

విస్తళ్ళు వేశారు. ఇంటి యజమానురాలు ముందుగా ప్రసాదం స్వీకరించి పదుగురికి వడ్డించడం మర్యాద. పద్మకుమారి చేతిలో ఇంకా మైకు ఉన్నది.

"మా ఆవపెట్టిన కూర ఎలా ఉందో మీరే చెప్పాలండీ," అని మురిపెంగా నవ్వి, కొంచెం నోట వేసుకున్నది.

నవ్వు పెదవుల మీద అలాగే ఉండిపోయింది. కన్నులు మాత్రం తిరిగి వంటింటి గుమ్మాన్ని వెతుక్కున్నాయి. అక్కడ కూర్మమ్మ నిలబడి ఉన్నది. పద్మకుమారి మింగింది. ఇన్నేళ్ళ శనివారాలు ఆ చేతి కూర తిన్న నాలుక అది. ఆ చేయి ఎన్నడూ పొరబడదని ఆమెకు తెలుసు. తెలిసిన మరుక్షణమే ఆమె మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"పెద్దలు మన్నించాలి. నా చేత్తో వండుతానని చెప్పాను గానీ, నాకంత పనితనం లేదండి. ఈ కూర నా నేస్తం కూర్మమ్మ చేతిది. ఆవిడ పేరు చెప్పకుండా వడ్డిస్తే ఆవిడ ఊరుకోదు. పేరంటే ఆవిడకి ప్రాణం. అందుకే చెప్తున్నాను. ఇది కూర్మమ్మ కూర."

వడ్డన సాగిపోయింది. ముద్ద నోటబెట్టుకున్నవారి కనుబొమలు ఒక్కొక్కరివిగా ముడిపడ్డాయి. ప్రసాదానికి వంక పెట్టకూడదు, విస్తట్లో వదలకూడదు. ఒక పెద్దాయన నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "పైత్యానికి మంచిదండి," అన్నాడు. పక్కాయన, "వేపపువ్వు వేశారేమో, ఉగాది మొన్ననే కదా," అన్నాడు. దేముడమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ కాస్త నాలుక మీద వేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, కూర్మమ్మ వైపు చూసి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ప్రతి చూపూ వంటింటి గుమ్మం మీద వాలింది. కూర్మమ్మ ఏడాదిగా కోరుకున్న పేరు మైకులో మారుమోగి, చేదుకు తగులుకున్నది. పద్మకుమారి మొహంలో ఆనాడు శాలువా కప్పుకున్నప్పటి శాంతం కనిపించింది.

ఒప్పుకోకుండా ఉండవచ్చు. చేయి జారిందనవచ్చు. పొయ్యి మంట ఎక్కువైందనవచ్చు. అది ప్రసాదం గనుక ఎవరూ తరచి అడగరు. కూర్మమ్మ కొంగు నడుముకు చుట్టుకుని షామియానా కిందికి నడిచి వచ్చింది.

"అవునండీ. కూర నాదే," అన్నది. మైకు లేకపోయినా ఆ మాట వీధి చివరకు వినిపించింది. "ఈవిడి దాని పేరు నాకిచ్చింది, పుచ్చుకుంటన్నాను. ఇస్తే పూర్తిగా ఇమ్మనండి. ఇందాక మీరందరూ కళ్ళు మూసుకుని విన్న హారతి కూడా నాదే. ఈ సేత్తో పనస కొట్టుకుంటా కట్టినాను. సివర నా పేరుండేది. ఈవిడి నా పేరు తీసేసి తన పేరెట్టుకున్నాది. అందుకే ఈ కూరలో మంట మీదే ఆవ కలిపేసినాను. సేదెక్కుతాదని తెలిసే కలిపినాను."

గణపతిరావు చేతిలోని ముద్ద విస్తట్లోకి జారింది. "తెలిసి చేశావా? స్వామి నివేదనలో?"

"తెలిసే సేసినాను బాబూ."

ఎవరో ఒకామె చెవులు మూసుకుంది. "అపచారం," అన్నారు వెనుకనుంచి.

"అబద్ధమండీ!" పద్మకుమారి గొంతు చీలింది. ఇప్పుడామె మైకు భాష మరిచిపోయింది. "రాగం నాదండీ! ఎవర్నడుగుతారో అడగండి! ఇది కడుపుమంట, ఉట్టి కడుపుమంట! దేవుడికి సేదెట్టిన మనిసి మాట నమ్ముతారేటి?"

గణపతిరావు విస్తటి ముందునుంచి లేవకుండానే, నిదానంగా అన్నాడు. "అమ్మా, అబద్ధమాడేవారు తమకు మేలుచేసే అబద్ధం ఆడతారు. ఈమె ఆడదలిస్తే, కూర పొరబాటున మాడిందంటే సరిపోయేది. ఒక పాట కోసం ఇంత పాపాన్ని ఊరికే నెత్తిన వేసుకునేవారు ఉండరు. ఇక ఆ పాట పొడుగునా మందరం, మౌనం, వెన్ను. చివర పద్మనాభుడెందుకు వచ్చాడా అని నేను ఏడాదిగా అనుకుంటున్నాను. అడగలేదు. అది నా తప్పు. రాగం మీదైతే రాగం మీదే. ముద్ర మాత్రం ఈమెది. మా సమాజంలో ఇకనుంచి ఆ హారతిని కూర్మమ్మ పేరుతోనే పాడతాము."

కూర్మమ్మ రెండు చేతులూ జోడించింది. ఆయన ఆ నమస్కారాన్ని అందుకోలేదు.

"పాట నీది. కానీ నీవు వండినది మేము ఏ దేవుని ముందూ పెట్టము. మా భజన జరిగే చోట పొయ్యి దగ్గరికి రాకు, తల్లీ." అని, విస్తట్లో మిగిలిన చేదు కూరను ముద్దలు చేసి, ఒక్క మెతుకు విడవకుండా తిని లేచాడు. ఆయన తిన్నందున అందరూ తినవలసి వచ్చింది.

సమాజం వెళ్ళిపోయింది. గిన్నెలో సగం కూర మిగిలిపోయింది. ప్రసాదాన్ని పారబోయకూడదు. పద్మకుమారి ఆ గిన్నెను గుమ్మం బయట పెట్టి, "నీ పేరుది నువ్వే పట్టుకెళ్ళు," అని తలుపు వేసుకుంది. లోపల హార్మోనియం తిత్తి మూసిన చప్పుడైంది.

కూర్మమ్మ గిన్నె నడుమున పెట్టుకుని వీధి దాటింది. ఇంట్లో సత్యం ఆకలి మీద ఉన్నాడు. ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు.

"ఏటే ఇది? ఇసమా?"

"ప్రసాదం. మాటాడకుండా తిను."

"నాను సేసిన పాపమేటి?"

"ఈవిడిని సేసుకున్నావు కదా," అన్నది దేముడమ్మ గుమ్మంలోంచి, కూర్మమ్మ బదులుగా. ఆమె కాళ్ళకు ముగ్గుపిండి ఇంకా అంటి ఉన్నది. లోపలికి వచ్చి, పీట లాక్కుని, తానూ ఒక విస్తరాకు వేసుకుంది. కొంత తిన్నాక నీళ్ళు తాగి, "అప్పా, నిజం సెప్పు. కలుపుతన్నప్పుడు బయమేయలేదేటి?" అన్నది.

"ఏసింది."

"మరి?"

"దాని పాట ఇనబడింది."

శనివారాలు ఇక ముగ్గురివి కావని దేముడమ్మకు అర్థమైంది. పీట మీద కాసేపు కూర్చుని, విస్తరి మడిచి, చెప్పకుండా వెళ్ళిపోయింది.

సమాజంవారు మాట తప్పలేదు. కొద్ది రోజులకే గరివిడిలో ఎవరి ఇంటనో భజనలో పాడిన హారతి వీడియోగా తిరిగి తిరిగి కూర్మమ్మ దగ్గరికి వచ్చింది. చివరి చరణం దగ్గర అందరూ నెమ్మదించి, చేతులు జోడించి, ఆమె పేరు పలికారు. ఆమె పటం ముందు కూర్చుని విన్నది. కలగవలసినంత ఆనందం కలగలేదు. ప్రతి మలుపూ, ప్రతి గమకమూ పద్మకుమారిది. తన పేరులోని రెండవ అక్షరం దగ్గర గొంతు కొంచెం వంచి పైకి లేపడం కూడా పద్మకుమారి నేర్పినదే. వేరే రాగం కట్టాలని చూసింది. మాటలు ఆ పాత బాటనే పట్టుకుని నడిచాయి. స్వామి ముందు అపచార క్షమాపణ కోసం ఒంటిపూట ఉపవాసాలు మొదలుపెట్టింది. స్వామిని క్షమించమని అడిగింది. ఎదురింటివారిని క్షమించే మాట మాత్రం ఆ ప్రార్థనలో ఎక్కడా చేరలేదు.

ఆ వీడియో వచ్చిన తరువాతి శనివారం సంధ్యవేళ ఆమె దీపం వెలిగించి, వీధి వైపు కిటికీ తలుపులు బార్లా తెరిచింది. జీవితంలో ఎన్నడూ గొంతెత్తి పాడని మనిషి. శ్రుతి అంటే ఏమిటో తెలియదు. గంట చేతబట్టి, గొంతు చించుకుని హారతి ఎత్తుకుంది. సురటి రాగం ఆ గొంతులో పడి, కాలు విరిగిన మేకలా కుంటుకుంటూ, పట్టాల మీద గూడ్సుబండిలా అరుచుకుంటూ వీధిలోకి నడిచింది. గమకముండవలసిన చోట కీచుమన్నది. సత్యం పేపరు మడిచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె చివరి చరణం దగ్గర నెమ్మదించి, తన పేరును సాగదీసి, ఎదురింటి గోడకు కొట్టినట్టు పలికింది.

వీధి అవతల పద్మకుమారి కిటికీ తలుపు దడాలున మూసుకున్నది.

కూర్మమ్మ దీపం వత్తి కొంచెం ముందుకు తోసి, మొదటి చరణం నుంచి మళ్ళీ ఎత్తుకుంది.